సంక్రాంతికి ఊరెళ్లేవారు, ఊళ్లోనే ఉండేవారు: ఇళ్ల భద్రతపై చర్చ

సంఘం కార్యదర్శి

తాడేపల్లిగూడెం పట్టణ వాసులందరికీ నమస్కారం. ధనుర్మాసం మొదలైంది. భోగికి రెండు మూడు రోజుల ముందు నుంచి ముక్కనుమ దాకా మన వీధుల్లో తాళం వేసిన ఇళ్లు వరుసగా కనిపిస్తాయి. కొందరు కోనసీమలో ప్రభల తీర్థం చూడడానికి, కొందరు అత్తవారిళ్లకు, మరికొందరు సొంత పల్లెలకు బయలుదేరుతారు. అదే రోజుల్లో హైదరాబాదు, బెంగళూరుల నుంచి వచ్చేవారితో స్టేషను, బస్టాండు కిక్కిరిసి ఉంటాయి. తెలిసిన ముఖాలు తగ్గి, కొత్త ముఖాలు పెరిగే ఈ వారం పది రోజుల్లో మనం ఎలా మెలగాలో ముందే మాట్లాడుకుంటే మంచిదని మన సంఘం గ్రూపులో ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నా ఉద్దేశంలో ఇల్లు ఖాళీగా ఉందన్న సంగతి తాళం కప్ప కన్నా ముందు వాకిలే చెబుతుంది. వీధంతా కళ్ళాపి చల్లి, ముగ్గులు పెట్టి, గొబ్బెమ్మలు ఉంచిన ఈ నెలలో ఒక్క గుమ్మం ముందు మాత్రం పాత ముగ్గు చెరిగిపోయి, దుమ్ము పేరుకుని ఉంటే, పగటిపూట ఒకసారి బండి మీద వీధి చుట్టి వచ్చినవాడికి ఆ ఇంటి సంగతి ఇట్టే తెలిసిపోతుంది. గేటు లోపల పడి ఉన్న మూడు రోజుల పేపర్లు, కొక్కేనికి వేలాడుతున్న పాల సంచి, పట్టపగలు వెలుగుతున్న వరండా లైటు కూడా అదే మాట చెబుతాయి. కాబట్టి ఊరెళ్లేవారు పాలు, పేపరు ఆపించడంతో సరిపెట్టుకోకుండా, పక్కింటివారిని అడిగి రోజూ ఉదయం మీ వాకిట్లో కూడా నాలుగు గీతల ముగ్గు వేయించే ఏర్పాటు చేసుకోండి. సాయంత్రం ఒక లైటు వేసి, ఉదయం ఆర్పేవారు ఒకరుండాలి. ఖర్చు లేని పని ఇది, కానీ అడగడానికి మొహమాటపడి చాలామంది మానేస్తున్నారు.

తాళం వేసిన ఇళ్లపై నిఘా ఉంచే పోలీసు శాఖవారి లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ (ఎల్‌హెచ్ఎంఎస్) గురించి తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

తులసికోట

కార్యదర్శి గారూ, వాకిలి మాట ఎత్తారు కాబట్టి, ముగ్గు వేసేవారి భద్రత గురించి కూడా చెప్పాలి. ఈ నెలంతా ఆడవాళ్లు ఐదు గంటలకే వీధిలోకి వస్తారు. మంచు పట్టి పది గజాల దూరంలో మనిషి కనిపించడు. వంగి ముగ్గు పెడుతుంటే మెడలోని పుస్తెలతాడు, నల్లపూసలు ముందుకు వేలాడుతుంటాయి, చూపంతా చుక్కల మీదే ఉంటుంది. గొలుసులు తెంపుకుపోయేవారికి ఇంతకన్నా అనుకూలమైన వేళ ఏముంటుంది?

మా వీధిలో కిందటేడు ఒక పెద్దావిడకు ఇలాగే జరిగింది. బండి మీద ఇద్దరు వచ్చారు. వెనక కూర్చున్నవాడు దిగి, చేతిలో కాగితం పెట్టుకుని ఫలానా వారి ఇల్లెక్కడని అడిగాడు. ఆవిడ నడుము ఎత్తి, చెయ్యి చాపి దారి చూపిస్తుండగా గొలుసు లాగేశాడు. ముందున్నవాడు బండి ఇంజను ఆపనేలేదు. ఆవిడ గొలుసును గట్టిగా పట్టుకోవడంతో మెడ మీద కోసుకుపోయి, కింద పడి మోచేయి విరిగింది. గొలుసులో సగం ఆవిడ గుప్పిట్లో మిగిలింది గానీ చేయి కుదురుకోవడానికి ఉగాది దాకా పట్టింది.

అప్పటి నుంచి మేం నలుగురైదుగురం ఒకే సమయానికి బయటికి వచ్చి, ఒకరి వాకిలి తరువాత ఒకరిది వేసుకుంటున్నాం. పుస్తెలతాడు తీయడం ఇష్టం లేనివారు పైట నిండుగా కప్పుకుని పిన్ను పెట్టుకుంటున్నారు, పసుపుతాడుతో సరిపెట్టుకుంటున్నవారు కూడా ఉన్నారు. ఎవరైనా బండి ఆపి చిరునామా అడిగితే గేటు లోపలికి వెళ్లి అక్కడి నుంచే జవాబు చెప్పడం అలవాటు చేసుకున్నాం. లాగినప్పుడు పెనుగులాడవద్దని మా పిల్లలు పదేపదే చెబుతున్నారు. ఆ క్షణంలో చేయి దానంతటదే బిగుసుకుంటుంది కాబట్టి, ముందే మనసుకు నచ్చజెప్పుకుని ఉండడం అవసరం.

పెంటపాడు రోడ్డు

తులసికోట గారు చెప్పినది అక్షరాలా నిజం. గుడి నుంచి తిరిగి వచ్చే దారిలో కూడా ఇదే జాగ్రత్త కావాలి. రోడ్డు పక్కన నడిచేటప్పుడు ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడివైపున నడవడం మేలు. వెనక నుంచి వచ్చి లాగడానికి అప్పుడు వీలు తగ్గుతుంది.

నాకొక సందేహం. ఆ లాక్డ్ హౌస్ విధానంలో పోలీసువారు మన ఇంట్లో కెమెరా పెడతారట. మనం లేనప్పుడు ఇంటి లోపలి దృశ్యాలన్నీ ఎవరో చూస్తారన్న జంకుతో మా ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఊరెళ్తున్నామన్న సంగతి బయటికి పొక్కుతుందన్న భయం కూడా ఉంది. దీని గురించి తెలిసినవారు చెప్పగలరు.

విశ్రాంత హెడ్ కానిస్టేబులు

ఆ సందేహం చాలామందికి ఉంటుంది, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. ఆంధ్రప్రదేశ్ పోలీసువారి ఎల్‌హెచ్ఎంఎస్ యాప్‌ను ఫోనులో వేసుకుని, పేరు, చిరునామా, ఇల్లున్న స్థలం నమోదు చేసుకోవాలి. ఊరెళ్లే ముందు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉండరో తెలిపి నిఘా కోరాలి. స్టేషను నుంచి సిబ్బంది వచ్చి, మనుషుల కదలికను పసిగట్టే చిన్న కెమెరాను ఇంట్లో అమర్చి వెళతారు. మీరు తాళం వేసుకుని వెళ్లాక లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూముకు హెచ్చరిక వెళుతుంది, దగ్గరలోని గస్తీ సిబ్బందిని వెంటనే పంపుతారు. ఇందుకు రుసుము లేదు. తిరిగి వచ్చాక తెలియజేస్తే పరికరం తీసుకువెళతారు. కెమెరాను పడకగదిలో పెట్టాలన్న నియమమేమీ లేదు. వీధి తలుపు, పెరటి తలుపు రెండూ కనిపించే హాలులో పెట్టమని మీరే అడగండి. ఫోనులో చేసుకోవడం రానివారు స్టేషనుకు వెళ్లి అడగవచ్చు. పండుగ రోజుల్లో అడిగేవారు ఎక్కువగా, పరికరాలు తక్కువగా ఉంటాయి కనుక ముందుగా వెళ్లండి. పరికరం దొరకకపోయినా చిరునామా ఇచ్చి రండి, రాత్రి గస్తీవారు అటు ఒక చుట్టు తిరుగుతారు.

ఊరెళ్లే సంగతి స్టేషనులో చెప్పడం వల్ల బయటికి పొక్కదు. పొక్కేది మరోచోట. రైలెక్కగానే కుటుంబమంతా ఫోటో దిగి ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ స్టేటసులో పెడుతున్నారు. నాలుగు రోజులు ఇంట్లో ఉండబోమని ఊరందరికీ ప్రకటించడమే అది. ఫోటోలు తిరిగి వచ్చాక పెట్టుకోండి.

ఉద్యోగంలో ఉండగా ఎన్నో ఇళ్లలో పంచనామాలకు వెళ్లాను. ప్రతిచోటా దాదాపు ఒకే దృశ్యం ఉండేది. వీధి తలుపుకు పెద్ద తాళం కప్ప వేలాడుతుంటుంది గానీ, అది తగిలించిన గొళ్ళెం రెండు చిన్న మరలతో చెక్కకు బిగించి ఉంటుంది. దొంగ తాళం జోలికి పోడు. ఇనుప రాడ్డు దూర్చి ఒక్క ఊపుతో గొళ్ళేన్నే పెకలిస్తాడు. పెరటి తలుపైతే మరీ బలహీనం. అడుగున చెక్క నాని పుచ్చిపోయి, కాలితో తన్నినా విడిపోతుంది. లోపలికి వెళ్లాక బీరువా పగలగొట్టవలసిన పని కూడా తక్కువే. తాళంచెవి బీరువా పైనో, పరుపు కిందో, దేవుడి పటం వెనకో దొరుకుతుంది. ఇంటి తాళం సంగతికొస్తే పూలకుండీ, చెప్పుల స్టాండు, కరెంటు మీటరు పెట్టె, తులసికోట గూడు, ఈ నాలుగూ చూడని దొంగ లేడు. తాళం కప్ప బయటికి కనిపించకుండా, తలుపులోనే ఇమిడే తాళం వేయించుకోండి. లోపల అడ్డగడియ పెట్టించుకోండి. కొత్త టీవీ మీద పెట్టే సొమ్ములో పదో వంతు పెరటి తలుపు మీద పెడితే చాలు.

మరొక ముఖ్యమైన విషయం. ఊరి నుంచి వచ్చి చూసేసరికి తలుపు తెరిచి ఉంటే వెంటనే లోపలికి పరుగెత్తకండి. దొంగ ఇంకా లోపలే ఉండవచ్చు, తప్పించుకునే తొందరలో చేతిలో ఏముంటే దానితో కొడతాడు. వీధిలోనే నిలబడి 112కు ఫోను చేయండి. పోలీసులు వచ్చేదాకా బీరువా తలుపు, గడియ, చిందరవందరగా పడిన పెట్టెలు వేటినీ ముట్టుకోవద్దు. అయినవాళ్లు, చుట్టుపక్కలవాళ్లు పరామర్శకు వచ్చి అన్నీ తాకి చూసి, క్లూస్ టీం వచ్చే సమయానికి ఒక్క వేలిముద్ర కూడా మిగలకుండా చేసిన సందర్భాలు నాకు బాగా గుర్తున్నాయి.

ఫిర్యాదు విషయంలో 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న కొత్త చట్టాలను తెలుసుకోండి. భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగిందన్న దానితో నిమిత్తం లేకుండా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ప్రయాణంలో సంచి పోయి, ఎక్కడ పోయిందో తెలియనప్పుడు ఇది ఎంతో ఉపయోగం. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. గొలుసు లాక్కుపోవడాన్ని భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షను ప్రత్యేక నేరంగా పేర్కొని, మూడేళ్ల వరకు జైలు శిక్ష పెట్టింది. నివాస గృహంలో దొంగతనానికి 305వ సెక్షను కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంటుంది. గొలుసు సగమే పోయిందనో, వెండి సామానే కదా అనో ఫిర్యాదు మానుకోవద్దు. మీ ఫిర్యాదు లేకపోతే ఆ వీధికి గస్తీ పెంచాలని స్టేషనులో ఎవరికీ తోచదు.

నాలుగో అంతస్తు

మాది అపార్టుమెంటు. వాచ్‌మన్ ఉన్నాడన్న ధీమాతో అందరూ తలుపు లాగేసి వెళ్లిపోతారు. పండుగకు వాచ్‌మన్ కుటుంబానికి కూడా ఊరు ఉంటుందన్న సంగతి ఎవరూ ఆలోచించరు. కిందటి సంక్రాంతికి అతను సెలవడిగి వెళితే, ఉన్న కొద్దిమందిమి వంతులవారీగా కింద కూర్చోవలసి వచ్చింది. ఈసారి నెల ముందే అతని సెలవు తేదీలు తెలుసుకుని, బదులుగా తెలిసిన మనిషిని కూలి ఇచ్చి పెడుతున్నాం. ఇవ్వవలసిన సెలవు ఇవ్వాలి, కాపలా కూడా ఉండాలి.

2021 డిసెంబరులో విజయవాడ, తాడేపల్లి ప్రాంతాల్లో చెడ్డీ గ్యాంగు అలజడి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఊరి చివర ఉన్న అపార్టుమెంట్లను ఎంచుకుని, అర్ధరాత్రి దాటాక ప్రహరీ దూకి వచ్చేవారు. మా భవనం వెనక కూడా ఖాళీ స్థలమూ, పిచ్చి మొక్కలూ ఉండేవి. వాటిని కొట్టించి, వెనక గోడ మీద రెండు లైట్లు పెట్టించాం. కెమెరాలు పెట్టుకున్నవారు రికార్డు చేసే పెట్టెను టీవీ పక్కన పెట్టకుండా వేరే గదిలో తాళం వేసి ఉంచండి, లేకపోతే దొంగ దాన్ని కూడా పట్టుకుపోతాడు. కొన్నప్పుడు ఇచ్చిన పాస్‌వర్డును మార్చండి. బయలుదేరే ముందు నిన్నటి దృశ్యం తెరిచి, తేదీ, సమయం సరిగ్గా పడుతున్నాయో లేదో చూడండి.

మార్కెట్ వీధి

అందరూ మంచి విషయాలు రాశారు. నేనొక హెచ్చరిక చేస్తున్నాను. పండుగ పేరుతో వీధుల్లోకి ఎవరెవరో వస్తారు. గంగిరెద్దులవారమని, హరిదాసులమని, దుప్పట్లు అమ్ముతామని, గ్యాసు పొయ్యి బాగు చేస్తామని, బంగారానికి మెరుగు పెడతామని వచ్చేవారంతా పగలు ఇళ్లు చూసుకుని రాత్రికి వచ్చేవారే. ఇలాంటివారిని వీధి మొదట్లోనే ఆపి, ఫోటో తీసి అన్ని గ్రూపుల్లోనూ పెట్టాలి. ఎవరినీ లోపలికి రానివ్వకూడదు.

చరిత్ర మాస్టారు

మార్కెట్ వీధి గారి ఆందోళన అర్థం చేసుకోదగినదే. అయినా ఆ మాటను అలాగే వదిలేయడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే దానివల్ల అమాయకుల ప్రాణాలు పోయిన అనుభవం మనకుంది. 2018 మే నెలలో పార్థీ ముఠాలు, పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు వచ్చారంటూ వాట్సాప్‌లో పుకార్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పల్లెపల్లెకూ పాకాయి. భాష రానివారిని, మతి స్థిమితం లేనివారిని, భిక్షాటనకు వచ్చినవారిని పట్టుకుని కొట్టారు, కొందరు చనిపోయారు. ఆ పుకార్లకు పునాది ఎవరో పంపిన పాత ఫోటోలు, గొంతు రికార్డులు తప్ప మరేమీ కాదు. మన గ్రూపులో ఒక మనిషి ఫోటో పెట్టి దొంగ అని రాస్తే, అది సాయంత్రానికి ఏ ఊరు చేరుతుందో, అక్కడ ఆ మనిషికి ఏం జరుగుతుందో మన చేతిలో ఉండదు.

పుట్టుకను బట్టి మనుషులను దొంగలని ముద్ర వేసిన చట్టం ఈ దేశంలో ఒకప్పుడు నిజంగానే ఉండేది. 1871లో బ్రిటిషువారు చేసిన నేర తెగల చట్టం తరువాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు ఆ చట్టం నీడలో, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడినదే. ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచి, హాజరు వేయించుకుని, అనుమతి లేకుండా ఊరు దాటనివ్వలేదు. 1952లో ఆ చట్టం రద్దయింది. డెబ్బై ఏళ్లు దాటినా ఆ ఊరి పేరు చెబితే బస్సులో పక్కవారు సంచి సర్దుకుంటున్నారు. గంగిరెద్దులవారు, హరిదాసులు తరతరాలుగా మన సంక్రాంతిలో భాగం. సన్నాయి వినిపించగానే చేటలో బియ్యం తీసుకుని గుమ్మంలోకి వచ్చే పిల్లలకు వారిని దొంగలుగా పరిచయం చేయవద్దని నా మనవి.

అనుమానించవలసింది నడవడికను. తాళం వేసిన ఇంటి గేటు కదిపి చూడడం, వెనక సందులో పని లేకుండా నిలబడడం, ఇంట్లో మగవారు ఎప్పుడు వస్తారని అడగడం, నంబరు కనిపించకుండా మట్టి పూసిన ఒకే బండి రెండు మూడుసార్లు వీధిలో తిరగడం, ఇవి ఎవరు చేసినా అనుమానించాలి. ఖరీదైన చొక్కా వేసుకుని, మెడలో ఏదో సంస్థ కార్డు వేలాడదీసుకున్నవాడు చేసినా సరే. అలాంటిది చూస్తే 112కు చెప్పాలి. ఫోటో తీస్తే స్టేషనుకే పంపాలి.

విశ్రాంత హెడ్ కానిస్టేబులు

మాస్టారు చెప్పిన దానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను చూసిన కేసుల్లో ఇంటి వివరాలు బాగా తెలిసిన మనిషి, అంటే మునుపు అక్కడ రంగులు వేసినవాడో, బాకీలున్న బంధువో బయటపడిన సందర్భాలు తక్కువేమీ కావు. ఒక్క బంగారం మెరుగు పెడతామనేవారి విషయంలో మాత్రం మార్కెట్ వీధి గారి హెచ్చరిక సరైనదే. నగను మీ కళ్లెదుటే ద్రవంలో ముంచి, కొంత బంగారం అందులో కరిగించుకుని, తళతళలాడే నగను తిరిగి ఇస్తారు. తూకం వేసేదాకా తెలియదు. మెరుగు పెట్టించాలంటే తెలిసిన కంసాలి దగ్గరికే వెళ్లండి.

మార్కెట్ వీధి

మాస్టారూ, మీరు చెప్పిన కోణం సబబుగా ఉంది. ఫోటోలు గ్రూపుల్లో పెట్టవద్దన్న మాటకు అంగీకరిస్తున్నాను. మా వీధివారికి నడవడిక గురించి మీరు రాసిన భాగాన్నే పంపుతాను. గుమ్మం దాటనిచ్చే విషయంలో మాత్రం నా పట్టు నాదే. గ్యాసు తనిఖీకి వచ్చామనేవారినైనా కార్డు చూసి, ఏజెన్సీకి ఫోను చేసి నిర్ధారించుకున్నాకే లోపలికి రానివ్వాలి.

పాసుబుక్కు

బ్యాంకులో పనిచేసి విరమించినవాడిని కనుక బంగారం, డబ్బు గురించి రాస్తాను. పండుగకు నగలు పెట్టుకోవాలని లాకరు నుంచి తెచ్చి, తిరిగి పెట్టేందుకు బద్ధకించి వేసవి దాకా ఇంట్లో ఉంచేవారున్నారు. కనుమ వెళ్లిన తరువాతి పనిదినాన మొదటి పని లాకరుకు వెళ్లడమే కావాలి. లాకరులో పెడితే బ్యాంకుదే పూచీ అని కూడా భ్రమపడవద్దు. 2022 జనవరి 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, ఉద్యోగుల మోసం వంటివి జరిగితే బ్యాంకు బాధ్యత లాకరు వార్షిక అద్దెకు వంద రెట్ల వరకే. అద్దె రెండు వేలైతే రెండు లక్షలన్నమాట. అంతకు మించిన నగలున్నవారు బీమా సంగతి చూసుకోవాలి.

ఈ వారంలోనే ఒక సాయంత్రం కూర్చుని ప్రతి నగనూ రెండు వైపులా ఫోటో తీసి, తూకం రాసి, బిల్లులన్నీ ఒకచోట చేర్చండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగల అమ్మకానికి హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య తప్పనిసరి అయింది. నగ లోపలి వైపు అక్షరాలు, అంకెలు కలిసి ఆరు గుర్తులుగా చెక్కి ఉంటుంది. ప్రతి నగకూ అది వేరు. భూతద్దంతో చూసి దాన్ని రాసుకోండి. దొంగసొత్తు పట్టుబడినప్పుడు అది మీదేనని నిరూపించడానికి ఇంతకన్నా బలమైన ఆధారం లేదు. పాత నగలకు అది ఉండదు, వాటికి ఫోటోలు, తూకమే దిక్కు.

ఇప్పుడు తాళం పగలగొట్టకుండానే జరిగే దొంగతనం గురించి చెబుతాను. సంక్రాంతి శుభాకాంక్షలనో, బ్యాంకు బహుమతి అనో, వాహన చలాను అనో వాట్సాప్‌లో ఏపీకే అనే ఫైలు వస్తుంది. తెలిసినవారి నంబరు నుంచే రావచ్చు, ఎందుకంటే వారి ఫోను అప్పటికే మోసగాళ్ల చేతిలో పడి ఉంటుంది. దాన్ని తెరిచి ఇన్‌స్టాల్ చేస్తే మనకు వచ్చే ఓటీపీలన్నీ వారికి కనిపిస్తాయి. శుభాకాంక్షలు చూడడానికి ఏ యాప్‌నూ ఇన్‌స్టాల్ చేయవలసిన పని లేదు. మనకు డబ్బు రావడానికి క్యూఆర్ కోడు స్కాన్ చేయడం గానీ, పిన్ను కొట్టడం గానీ అక్కర్లేదు. పిన్ను అడిగారంటే డబ్బు మన ఖాతా నుంచి పోబోతున్నదని అర్థం. డిజిటల్ అరెస్టు అంటూ వీడియో కాల్‌లో పోలీసు దుస్తులతో బెదిరించేవారి మాటకొస్తే, అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. ఫోను పెట్టేయండి.

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు చేతులు మారకముందే ఆపించగలిగితేనే తిరిగి వస్తుంది. పండుగ కదా, రేపు చూద్దామనుకుంటే దక్కదు. వెంటనే బ్యాంకుకూ తెలియజేయండి. మన తప్పు గానీ, బ్యాంకు తప్పు గానీ లేకుండా మధ్యలో ఎక్కడో జరిగిన లోపం వల్ల సొమ్ము పోతే, బ్యాంకు సందేశం అందిన మూడు పనిదినాల్లోగా చెప్పిన ఖాతాదారుకు నష్టం అంటదని 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేలోగా జరిగిన నష్టం మనదే అవుతుంది. తెలిపిన తరువాత జరిగేది బ్యాంకు భరించాలి. అందుకే నిమిషాలు కూడా లెక్కే.

మూడో ప్లాట్‌ఫారం

రోజూ విజయవాడకు రైల్లో తిరిగేవాడిని. పండుగ రద్దీలో ఫోన్లు ఎక్కువగా పోయేది పెట్టెలోకి ఎక్కే తోపులాటలోనే. చొక్కా పై జేబులో ఫోను పెట్టుకోవద్దు. రాత్రిపూట రైలు సిగ్నలు దగ్గర నెమ్మదించినప్పుడు కిటికీ పక్కన నిద్రపోతున్నవారి మెడలోని గొలుసులు బయట నుంచి లాగుతారు, కాబట్టి కిటికీ షట్టరు దించి పడుకోండి. రైల్లో ఏం జరిగినా 139కి ఫోను చేయవచ్చు.

బయలుదేరే ముందు ఫోనులో *#06# నొక్కితే కనిపించే ఐఎంఈఐ సంఖ్యను కాగితం మీద రాసి ఇంట్లో ఉంచండి. ఫోను పోతే పోలీసు ఫిర్యాదు ప్రతితో సంచార్ సాథీ వెబ్‌సైటులోని సీఈఐఆర్ విభాగంలో నమోదు చేస్తే, ఆ ఫోను దేశంలో ఏ సిమ్ముతోనూ పనిచేయకుండా ఆపేస్తారు. దొరికాక మళ్లీ తెరిపించుకోవచ్చు.

కరెంటు పని

చర్చంతా దొంగల గురించే సాగుతోంది కాబట్టి నిప్పు గురించి రెండు ముక్కలు. భోగి మంట వేసే చోట తల ఎత్తి చూడండి. పైన కరెంటు తీగలో, కేబుల్ వైర్లో ఉంటే స్థలం మార్చండి. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేయవద్దు. పట్టుపావడాలు, నైలాను బట్టలు కట్టిన పిల్లలను దూరంగా ఉంచండి. ఊరెళ్లేవారు గ్యాసు రెగ్యులేటరు కట్టేసి, ఫ్రిజ్జు ఉన్న లైను తప్ప మిగతా స్విచ్చులన్నీ ఆపండి. తిరిగి వచ్చి తలుపు తీయగానే గ్యాసు వాసన వస్తే లైటు వేయకండి, ఆర్పకండి, కిటికీలన్నీ తెరిచి బయటికి వచ్చి గ్యాసు లీకు అత్యవసర నంబరు 1906కు ఫోను చేయండి. చలికి కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు బిగించుకోవడం ప్రాణాంతకం. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పండుగకు హైదరాబాదు వెళ్లేవారు పిల్లలకు గాలిపటాల కోసం చైనా మాంజా దారం కొనివ్వకండి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దాన్ని దేశమంతటా నిషేధించింది. ఆ దారం తగిలి మెడ కోసుకుపోకుండా బండి మీద వెళ్లేవారు మెడకు మఫ్లరు చుట్టుకోండి.

న్యూజెర్సీ నుంచి

నేను ఇక్కడి నుంచి ఈ చర్చ చదువుతున్నాను. మా అమ్మ గూడెంలోనే ఒంటరిగా ఉంటున్నారు. పండుగకు ఎక్కడికీ వెళ్లరు. పక్క రెండు ఇళ్లవారూ ఈసారి ఊరెళ్తున్నారట. పనిమనిషి కూడా మూడు రోజులు రాదు. అందరూ ఖాళీ ఇళ్ల గురించి రాశారు గానీ, ఖాళీ అయిన వీధిలో ఒంటరిగా మిగిలిపోయే పెద్దవారి గురించి ఎవరైనా సలహా ఇస్తారని అడుగుతున్నాను. అమ్మకు స్మార్టు ఫోను వాడడం రాదు.

తులసికోట

అమ్మగారు ఏ వీధిలో ఉంటారో ఇక్కడ అందరికీ కనిపించేలా రాయవద్దు, నాకు విడిగా సందేశం పంపండి. మా వీధికి దగ్గరైతే ఉదయం ముగ్గు వేళకు ఒకరం, రాత్రి ఎనిమిదింటికి ఒకరం వెళ్లి పలకరించి వస్తాం. దూరమైతే అటువైపు ఉన్న మా వాళ్లకు చెబుతాను. భోగి నాడు పిండివంటల వంకతో వెళితే ఆవిడకు కూడా మొహమాటం ఉండదు. ఆవిడ దగ్గర ఉన్నది బటన్ల ఫోనైతే, రెండో అంకె నొక్కి పట్టుకుంటే పక్కింటివారికో నాకో, మూడో అంకె నొక్కితే 112కో వెళ్లేలా పెట్టిస్తాను. తలుపుకు గొలుసు, చూసే కన్నం లేకపోతే పండుగలోగా వడ్రంగిని పంపి పెట్టించవచ్చు.

విశ్రాంత హెడ్ కానిస్టేబులు

ఒంటరిగా ఉండే పెద్దవారి చిరునామాను బీటు కానిస్టేబులుకు ఇవ్వడం ఎంతైనా అవసరం. మీరు అక్కడి నుంచే అమ్మగారి పేరు, వయసు, మందుల వివరాలు, మీ ఫోను నంబరు ఒక కాగితంలా తయారుచేసి కార్యదర్శి గారికి పంపండి. నేను స్టేషనుకు తీసుకువెళతాను. ఫ్రిజ్జు తలుపు మీద అదే కాగితం అతికించి ఉంచితే 108 వాళ్లకు కూడా పనికొస్తుంది.

సంఘం కార్యదర్శి

న్యూజెర్సీ నుంచి రాసిన అమ్మాయి వివరాలు అందాయి. అమ్మగారి ఇల్లు తులసికోట గారికి మూడో వీధే. ఆదివారం ఉదయం పది గంటలకు సంఘం గదిలో కలుద్దాం. ఏ వీధిలో ఎవరు ఉంటున్నారు, ఎవరు వెళ్తున్నారు, ఒంటరిగా ఉండే పెద్దవారు ఎవరు అన్న వివరాలు అక్కడే కాగితం మీద రాసుకుందాం, గ్రూపులో పెట్టవద్దు. రాలేనివారు శనివారం సాయంత్రంలోగా నాకు ఫోను చేయండి.